హీరో దేన్ని చూసి ఊరుకోలేడు?

సినిమా మొదటి సీన్ అయ్యేసరికి హీరో గురించి నాకు ఒక్క సంగతి తెలిస్తే చాలు. ఈ మనిషి దేన్ని చూసి ఊరుకోలేడు? పేరు, ఊరు, చదువు, ఇంట్లో అమ్మ ఉందా లేదా, చెల్లెలి పెళ్ళయిందా, ఇవన్నీ తీరిగ్గా తెలుసుకోవచ్చు. గంట ఆగి చెప్పినా నష్టం లేదు. కానీ ఏది కంటపడితే వాడికి ఒళ్ళు మండుతుందో, ఎక్కడ లాభనష్టాలు మరిచిపోయి అడుగు ముందుకేస్తాడో, అది మాత్రం నా కళ్ళతో నేను చూడాలి. పక్కపాత్ర ఎవరో చెబితే వినడం కాదు. ఆ ఒక్కటీ తెలిస్తే మిగతా రెండు గంటలూ వాడి వెంట నడుస్తాను. తెలియకపోతే పాటలు, ఫైట్లు, జోకులు ఎన్ని ఉన్నా సీట్లో అటూ ఇటూ కదులుతూనే ఉంటాను.

నేను చెన్నై సాలిగ్రామంలో ఎడిటర్‌గా పనిచేస్తాను. మాది నెల్లూరు. పెద్ద సినిమాలకు అసోసియేట్‌గా, చిన్న సినిమాలకు, వెబ్ సిరీస్‌లకు సొంతంగా. చేతికొచ్చే ప్రతి రఫ్ కట్‌లోనూ (సినిమా తొలి విడత కూర్పు) డైరెక్టర్‌తో ఎక్కువ వాదన పడేది ఫస్ట్ రీల్ దగ్గరే. ఇప్పుడు రీళ్ళెక్కడివి, అంతా హార్డ్ డిస్కులే. అయినా ఆ మాట పోలేదు. ఫిల్మ్ రోజుల్లో వెయ్యి అడుగుల రీల్ అంటే, సెకనుకు 24 ఫ్రేముల లెక్కన, సుమారు 11 నిమిషాలు. నాకు పని నేర్పిన పెద్దాయన "ఫస్ట్ రీల్‌లో జనాన్ని కూర్చోబెట్టాలమ్మా, తర్వాత వాళ్ళే కూర్చుంటారు" అనేవారు. ఎలా కూర్చోబెట్టాలన్నదాని మీద ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను.

మన సినిమాల్లో హీరో ఎంట్రీకి ఒక పద్ధతి స్థిరపడిపోయింది. ముందు సంతలోనో బస్టాండులోనో రౌడీలు దిగుతారు. కూరగాయల బండి బోల్తా పడుతుంది. ముసలాయన కాలర్ పట్టుకుంటారు. ఎవరో ఒకరు "వాడొచ్చేదాకే రా మీ ఆటలు" అంటారు. అక్కణ్ణుంచి బిల్డప్. బండి టైరు, బ్రేకు, ధూళి. బూటు కాలు నేల మీద పడుతుంది. చెయ్యి, చేతికి కడియం, వెనక నుంచి మెడ. చివరికి స్లో మోషన్‌లో ముఖం, బి.జి.ఎం. (నేపథ్య సంగీతం) అందుకుంటుంది, హాల్లో కాగితాలు ఎగురుతాయి.

దీన్ని నేను చిన్నచూపు చూడను. థియేటర్‌లో విజిల్ పడే ఆ క్షణం కోసం ఎడిటింగ్ టేబుల్ దగ్గర ఎంత పని జరుగుతుందో నాకు తెలుసు. బూటు షాట్ నాలుగు ఫ్రేములు ఎక్కువైతే ఊపు పోతుంది, నాలుగు తక్కువైతే కంటికి అందదు. మొదటి రోజు మొదటి ఆటలో ఆ అరుపులు వింటుంటే నాకూ ఒళ్ళు పులకరిస్తుంది. కానీ అక్కడ పరిచయమైంది స్టార్. పాత్ర ఇంకా రాలేదు. ఆ షాట్లన్నీ ఊడదీసి అదే హీరో ఇంకో సినిమాలో పెట్టినా చక్కగా సరిపోతాయి. నేను పెట్టుకున్న పరీక్ష అదే. ఈ సీన్‌ని ఇంకో కథలోకి మార్చగలమా? మార్చగలిగితే ఈ కథలోని మనిషి మనకింకా పరిచయం కానట్టే.

మార్చడానికి వీల్లేని సీన్ అంటే నాకు ముందుగా గుర్తొచ్చేది 'సాగర సంగమం'. 1983లో వచ్చింది. కె. విశ్వనాథ్ దర్శకుడు, ఏడిద నాగేశ్వరరావు నిర్మాత. ఇళయరాజా సంగీతానికీ, 'వేదం అణువణువున' పాటకు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికీ జాతీయ అవార్డులొచ్చాయి. పాటల గురించి ఇప్పటికే బోలెడంత మంది రాశారు. నేను మాట్లాడేది సినిమా మొదట్లో హీరో బాలు మనకు పరిచయమయ్యే తీరు గురించి.

వేదిక మీద శైలజ 'ఓం నమశ్శివాయ' పాటకు నాట్యం చేస్తుంది. శైలజ పాత్ర వేసింది గాయని ఎస్.పి. శైలజే. అమ్మాయికి పేరుంది, మంచి వేషం ఉంది, చప్పట్లున్నాయి. ఆ చప్పట్ల మధ్య ఒక్క మనిషికి మాత్రం అది నచ్చలేదు. నెరిసిన జుట్టు, కళ్ళజోడు, తాగుడుకు అలవాటుపడిన ఒళ్ళు. పత్రికలో నాట్య విమర్శలు రాసుకుంటూ బతుకుతున్న బాలకృష్ణ అతను. అభినయం తప్పిందని ఉన్నది ఉన్నట్టు రాసేస్తాడు. ఆ రాతతో అవతలివాళ్ళకు మండుతుంది. ఆఫీసు మీదికి గొడవకొస్తారు. తాగుబోతు మాట పట్టుకుని ఒక కళాకారిణి పరువు తీస్తారా, అసలు ఇతనికేం తెలుసు అన్న ధోరణి. అప్పుడు బాలు లేస్తాడు. బల్లలూ కుర్చీలూ కాగితాల మధ్య, ఆ పాటలో 'పంచభూతములు' అనే చోట అభినయం ఎలా ఉండాలో చేసి చూపిస్తాడు. భరతనాట్యంలో ఇలా, కథక్‌లో ఇలా, కథాకళిలో ఇలా. ఒకే చరణం, మూడు సంప్రదాయాలు, ఒకే మనిషి. చూసినవాళ్ళకు నోట మాట రాదు.

మా స్టూడియోలో సౌండ్ చూసుకునే తమిళ అన్న ఒకాయన ఉన్నారు. ఆయన దృష్టిలో ఇది తమిళ సినిమాయే. ఇక్కడ 'సలంగై ఒలి' పేరుతో డబ్ అయి ఆడింది. ఆయనకు పాటలన్నీ తమిళంలో కంఠతా వచ్చు, నాకు తెలుగులో వచ్చు. ఒక రోజు మిక్సింగ్ ఆలస్యమై ఖాళీగా కూర్చున్నప్పుడు ఈ సీన్ పెట్టుకుని చూశాం. అయిపోగానే ఆయన "ఇదు ఫైట్ సీన్ దానే మా" అన్నారు. ఆ మాట విన్నాక నాకు ఆ సీన్ కొత్తగా కనిపించింది.

నిజంగానే అది ఫైట్ సీన్. అవమానం ఉంది, సవాలు ఉంది, చుట్టూ చేరిన జనం ఉన్నారు. మూడు రౌండ్లున్నాయి, ఒక్కో రౌండుకీ స్థాయి పెరుగుతుంది. చివరికి ఎదుటివాడి నోరు మూతపడుతుంది. మాస్ ఎంట్రీలో ఉండే దినుసులన్నీ విశ్వనాథ్ వాడుకున్నారు. కాకపోతే పొగడ్త తీసేశారు. మామూలు ఎంట్రీలో హీరో కంటే ముందు హీరో కీర్తి నడిచొస్తుంది. ఇక్కడ ముందుగా నడిచొచ్చింది అపకీర్తి. అతని గురించి ఇంకొకరి నోటి వెంట వచ్చేదంతా తిట్టే. అతని తరఫున సాక్ష్యం చెప్పేది అతని ఒళ్ళు ఒక్కటే. ఆ ఒళ్ళు కూడా పాడైపోయి ఉంది. అయినా, తాగి తూలే కాళ్ళు తాళం దగ్గరికొచ్చేసరికి తూలవు. ఒకే శరీరంలో పతనమూ విద్యా పక్కపక్కనే కనిపిస్తాయి. ఇతను ఒకప్పుడు గొప్పవాడట అని ఒక డైలాగ్ పెట్టి ఉంటే మనం విని ఊరుకునేవాళ్ళం. కళ్ళారా చూశాం కాబట్టి నమ్మాం.

ఎడిటర్‌గా ఒక మాట చెప్పాలి. ఇలాంటి చోట నాట్యాన్ని ముక్కలు ముక్కలుగా కోస్తే పని చెడుతుంది. కాలు ఒక షాట్, చెయ్యి ఒక షాట్, కళ్ళు ఒక షాట్ అని పేరిస్తే, డూప్‌తో చేయించారేమో అని ప్రేక్షకుడికి లోలోపల ఒక అనుమానం పుడుతుంది. మనిషి తల నుంచి పాదం దాకా ఫ్రేములో ఉండి, ఒక కదలిక మొదలై పూర్తయ్యేదాకా కెమెరా ఓపిక పట్టాలి. అందుకు నటుడికి ఆ విద్య వచ్చి ఉండాలి. బాలుగా వేసిన కమల్ హాసన్ నటుడిగా నిలదొక్కుకోకముందు తంగప్పన్ మాస్టర్ దగ్గర నృత్య దర్శకత్వంలో సహాయకుడిగా పనిచేశారు. ఈ సినిమా విడుదలయ్యే నాటికి ఆయన వయసు 28 ఏళ్ళు. ముసలి వేషంలో ఉన్న ఆ కుర్రాడి నడుములో బరువు, ఊపిరి అందని తనం, వాటిని చీల్చుకుని బయటపడే చురుకుదనం కలిసి కనిపిస్తాయి. ఏ కట్‌తోనూ నేను దాన్ని తయారు చేయలేను. ఉన్నదాన్ని చెడగొట్టకుండా ఉండగలను, అంతే.

ఇక నా ప్రశ్నకొస్తాను. బాలు దేన్ని చూసి ఊరుకోలేడు? అభినయం తప్పితే ఊరుకోలేడు. ఉద్యోగం పోతుందేమో, తాగుబోతు అంటారేమో, ఎదుటివాళ్ళు పెద్దవాళ్ళేమో, ఇవేవీ అతనికి పట్టవు. తన బతుకు తాను సరిదిద్దుకోలేనివాడు ఒక ముద్ర తప్పితే మాత్రం సరిదిద్దకుండా ఉండలేడు. మనిషి మొత్తం ఆ ఒక్క సీన్‌లో ఉన్నాడు.

ఇంకో సంగతి గమనించండి. అతను ఊరుకోలేకపోవడం వల్లే కథ కదిలింది. ఆ విమర్శ రాయకపోతే గొడవ లేదు. గొడవ లేకపోతే శైలజ తల్లి మాధవి మళ్ళీ ఈ కథలోకి రాదు. బాలు దుస్థితి ఆమెకు తెలిసేది కాదు, తన కూతురికే అతన్ని గురువుగా పెట్టాలన్న ఆలోచన వచ్చేది కాదు. చాలా స్క్రిప్టుల్లో హీరో పరిచయం ఒక సీన్, కథ మొదలవడం ఇంకో సీన్. మధ్యలో ఒక పాట. పరిచయం సీన్ మొత్తం ఎత్తేసినా కథకు ఏమీ కాదు. అందుకే సినిమా నిడివి ఎక్కువైందని ప్రొడ్యూసర్ గోల పెట్టినప్పుడు మొదట కత్తెర పడేది అక్కడే. 'సాగర సంగమం'లో ఆ సీన్ తీసేస్తే సినిమా మొత్తం కూలిపోతుంది.

ఆ తర్వాత ఫ్లాష్‌బ్యాక్‌లోకి వెళ్తాం. పేదింటి కుర్రాడు బాలు, పెళ్ళిళ్ళలో వంటలు చేసే తల్లి, ప్రాణమిచ్చే స్నేహితుడు రఘు (శరత్‌బాబు), అండగా నిలిచిన మాధవి. పెద్ద నాట్యోత్సవంలో అవకాశం వస్తుంది. సరిగ్గా ఆ సమయానికే తల్లి చనిపోతుంది. ఇదంతా పుట్టుక నుంచి వరుసగా చెప్పుకుంటూ వచ్చి ఉంటే మనకు ఒకే ఆత్రం ఉండేది. వీడు గొప్ప నర్తకుడు అవుతాడా, అవడా? విశ్వనాథ్ ఆ ప్రశ్నను మొదట్లోనే తీసి పక్కన పెట్టేశారు. విద్య ఉందని చూశాం, బతుకు పాడైందని చూశాం. ఇంక మిగిలింది, ఇంత విద్య ఉన్నవాడు ఇలా ఎందుకయ్యాడు అన్నదే. ఫ్లాష్‌బ్యాక్‌లో బాలు నవ్విన ప్రతిసారీ మన గుండె కలుక్కుమంటుంది, ఎందుకంటే ఆ నవ్వు ఎక్కడికి చేరబోతోందో మనకు ముందే తెలుసు. శరత్‌బాబు, కమల్ ఇద్దరూ సరదాగా మాట్లాడుకునే సీన్లు కూడా అందుకే అంత బరువుగా తగులుతాయి.

ఈ మధ్య మళ్ళీ చూస్తున్నప్పుడు ఒకటి పట్టుకున్నాను. ఊహల్లో వచ్చే పాటలు పక్కన పెట్టి, బాలు మన ముందు ఒళ్ళు మరిచి నాట్యం చేసే చోట్లు చూడండి. పత్రికాఫీసు. పెళ్ళింటి వంటశాల, అవతల పెద్దల ముందు త్యాగరాజ కీర్తనకు ఒక నర్తకి నాట్యం చేస్తుంటే ఇవతల గిన్నెల మధ్య అతని ఒళ్ళు ఆగదు. వాన కురుస్తున్న రాత్రి తాగిన మైకంలో బావి గట్టు. వీటిలో ఏదీ నాట్యానికి వేసిన చోటు కాదు. అసలైన వేదిక అతనికి అందలేదు, అందే సమయానికి అమ్మ పోయింది. చివర్లో ఆడిటోరియంలోకి వచ్చినప్పుడు కూడా అతను చక్రాల కుర్చీలో ఉన్నాడు, వేదిక మీద ఉన్నది శైలజ. మొదటి సీన్‌లో బల్లల మధ్య నాట్యం చేయించడం కేవలం సౌకర్యం కోసం జరిగింది కాదని నాకనిపిస్తుంది. ఈ మనిషికి ఎక్కడ దక్కుతుంది, ఎక్కడ దక్కదు అన్న సంగతి కూడా ఆ గదిలోనే చెప్పేశారు. మొదటిసారి చూసేవాడికి అది తెలియనక్కర్లేదు. తెలియకుండానే లోపల పనిచేస్తుంది.

పరిచయమంటే హీరో లేచి ఏదో ఒకటి చేసి తీరాలనేం లేదు. కూర్చుని వినేవాణ్ణి కూడా అంతే గట్టిగా పరిచయం చేయొచ్చని 1972లో వచ్చిన 'ది గాడ్‌ఫాదర్' చూపించింది. చీకటి గదిలో ఒక మనిషి తన కూతురికి జరిగిన అన్యాయం చెప్పుకుంటూ ఉంటాడు. షాట్ చాలా నెమ్మదిగా వెనక్కి జూమ్ అవుతూ ఉంటుంది. రెండు మూడు నిమిషాలు గడిచినా మనకు ఆ వినేవాడి ముఖం చూపించరు. ముందు అతని తల వెనక భాగం, చిన్నగా కదిలిన చెయ్యి. బయట ఆ వినేవాడి కూతురి పెళ్ళి సందడి. ముఖం కనిపించాక కూడా పైనుంచి పడే వెలుగు వల్ల కళ్ళు నీడలోనే ఉంటాయి. గోర్డన్ విల్లిస్ లైటింగ్ గురించి కెమెరా డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒడిలో పిల్లి గురించి అందరికీ తెలుసు.

నన్ను పట్టుకున్నది మాత్రం ఆ వినేవాడు, అంటే మాఫియా పెద్ద డాన్, అడిగే మాట. ఎదురుగా ఉన్నవాడు కూతురి కోసం కుమిలిపోతున్నాడు, ఎంత డబ్బైనా ఇస్తానంటున్నాడు. డాన్ ఓదార్చడు. ఇన్నేళ్ళలో నన్ను ఒక్కసారైనా కాఫీకి మీ ఇంటికి పిలిచావా అని అడుగుతాడు. మా ఆవిడ నీ కూతురికి గాడ్‌మదర్ (బాప్తిస్మం నాటి ధర్మతల్లి) కదా అని గుర్తు చేస్తాడు. అదీ ఇతను చూసి ఊరుకోలేనిది. ప్రాణాలు తీయడం, డబ్బు తీసుకోవడం ఇతనికి లెక్కలోవి కావు. స్నేహం చూపకుండా బేరానికొస్తే మాత్రం సహించలేడు. ఎదుటివాడు తలవంచి చెయ్యి ముద్దు పెట్టుకున్నాకే పని అవుతుంది, దానికి బదులుగా ఎప్పుడో ఒక రోజు నీ సాయం అడుగుతానంటాడు. తర్వాత డాన్ తన పెద్ద కొడుకు శవాన్ని తల్లి చూడగలిగేలా సరిచేయమని ఆ మనిషి దగ్గరికే వెళ్తాడు. మొదటి సీన్‌లో పెట్టిన అప్పు అక్కడ తీరుతుంది. ఎంత పకడ్బందీగా రాశారో!

మన దగ్గర ఇంత గట్టి పరిచయం లేదా అంటే, 1957 నాటి 'మాయాబజార్' ఉంది. మా ఆఫీసు నుంచి వడపళని వెళ్ళే దారిలో వాహినీ స్టూడియో ఉండేది. ఇప్పుడు అక్కడ మాల్, ఆసుపత్రి. అటు వెళ్ళినప్పుడల్లా ఘటోత్కచుడు గుర్తొస్తాడు. ఎస్వీ రంగారావు తెర మీదికి రావడానికి చాలాసేపే పడుతుంది. సుభద్ర, అభిమన్యుడు రథం మీద అడవిలోకి వస్తారు. తన అడవిలోకి ఎవరో చొరబడ్డారని అతనికి కోపం. అభిమన్యుణ్ణి పడగొడతాడు. తల్లి సుభద్ర విల్లందుకుంటుంది. ఆమె ఎవరో తెలిసిన మరుక్షణం ఆ కొండంత మనిషి కాళ్ళ మీద పడిపోతాడు. పౌరుషం, పెద్దల ముందు పసితనం, రెండూ ఒకే సీన్‌లో. ఆ తర్వాత శశిరేఖ వేషం వేసుకుని అత్తవారిని ఆటపట్టించినా మనకు వింతగా అనిపించదు, ఎందుకంటే ఆ పసితనం ముందే చూశాం. కె.వి. రెడ్డి ఎంత లెక్కగా పనిచేసేవారో ఈ ఒక్క సీన్ చాలు చెప్పడానికి.

ఇదంతా రాయడానికి కారణం మా దగ్గర అసిస్టెంట్‌గా చేస్తున్న కుర్రాడు. సూళ్ళూరుపేట నుంచి వచ్చాడు. సొంతంగా ఒక షార్ట్ ఫిల్మ్ తీస్తున్నాడు. 2019 ఎండాకాలంలో చెన్నైలో చుక్క నీరు లేక జనం అల్లాడిపోయిన రోజుల నేపథ్యం. నీళ్ళ లారీ నడిపే తెలుగు డ్రైవర్ హీరో. మంచి ఆలోచన. మొదటి సీన్ తీసుకొచ్చి చూపించాడు. లారీ టైరు, బ్రేకు, చెప్పు కాలు, స్టీరింగ్ మీద చెయ్యి, అద్దంలో కళ్ళు, చివరికి ముఖం. నీట్‌గా కట్ చేశాడు కూడా.

"వీడు దేన్ని చూసి ఊరుకోలేడ్రా?" అని అడిగాను.

"అక్కా, అది సెకండ్ సీన్‌లో వస్తుంది. ఇన్‌స్పెక్టర్‌తో గొడవ పడతాడు."

"ఇన్‌స్పెక్టర్‌తో ఎవడైనా గొడవ పడతాడు. వీడికి మాత్రమే మండే విషయం ఏది?"

వాడు ముఖం మాడ్చుకుని వెళ్ళాడు. కానీ మొండివాడు, ఆలోచించుకుని మళ్ళీ వచ్చాడు. ఈసారి కాగితం మీద రాసుకొచ్చిన సీన్ ఇది. సందులో రంగురంగుల ప్లాస్టిక్ బిందెలు బారుగా ఉన్నాయి. లారీ వెనక పైపు పట్టుకుని హీరో ఒక్కొక్కటే నింపుతున్నాడు. ఒక బిందె నిండి పక్క బిందెకు పైపు మార్చేటప్పుడు నీళ్ళు నేల మీద పడతాయి కదా, అలా పడనీయడు. పైపు మూతిని బొటనవేలితో నొక్కిపట్టి, పక్క బిందె మీదికి తెచ్చాకే వేలు తీస్తాడు. ప్రతి బిందెకూ అంతే. జనం విసుక్కుంటున్నారు, వెనకవాళ్ళు అరుస్తున్నారు, వాడు తొందరపడడు. ఇంతలో ఒకాయన బైకు మీద వచ్చి, కౌన్సిలర్ మనిషినని చెప్పి, డ్రమ్ము పెట్టి ముందుకు తోస్తాడు. హీరో ఏమీ అనడు. డ్రమ్ములో పైపు పెడతాడు. డ్రమ్ముకు అడుగున చిల్లు ఉంది, నీళ్ళు సన్నగా మట్టిలోకి కారుతున్నాయి. అప్పుడు వాడు పైపు తీసేస్తాడు. డ్రమ్ము ఎత్తి బైకు మీద పెట్టేస్తాడు.

నాకు చాలా నచ్చింది. వరస తప్పి వచ్చినందుకు వాడు గొడవ పడలేదు, పెద్దమనిషి పేరు చెప్పినందుకూ పడలేదు. నీళ్ళు మట్టిలో కలిస్తే మాత్రం పట్టలేకపోయాడు. ఈ సీన్‌ని ఇంకే హీరోకీ మార్చి పెట్టలేం. ఆ బొటనవేలి క్లోజప్ ఒక్కటి సరిగ్గా పడితే, బూటు కాలు షాట్ కంటే వంద రెట్లు పనిచేస్తుంది. ముఖం ఎప్పుడు చూపించాలన్న దగ్గర మాత్రం ఇద్దరికీ ఇంకా పడలేదు. డ్రమ్ము ఎత్తేటప్పుడే మొదటిసారి ముఖం కనిపించాలని వాడంటాడు. మొదటి బిందె దగ్గరే చూపించేయమంటాను నేను. ముఖం దాచిపెడితే జనం ముఖం కోసమే చూస్తూ కూర్చుంటారు, వేలు ఎవరూ గమనించరు.

వాడు ఇంకో ప్రశ్న కూడా వేశాడు, అది నాకు నచ్చిన ప్రశ్న. "మరి 'బాషా' సంగతేంటక్కా? అందులో మాణిక్యం అన్నీ చూసి ఊరుకుంటాడు కదా!"

1995లో వచ్చిన 'బాషా' చెన్నైలో పెరిగిన ప్రతి కుర్రాడికీ వేదం లాంటిది, వీడు వాళ్ళతో తిరుగుతాడు. నిజమే. ఆటో డ్రైవర్‌గా రజనీకాంత్ పరిచయమవుతాడు. నలుగురికీ మంచివాడు, తమ్ముడి కోసం, చెల్లెళ్ళ కోసం బతికేవాడు. కరెంటు స్తంభానికి కట్టేసి కొట్టినా చెయ్యెత్తడు. నా లెక్క ప్రకారమైతే పరిచయం కుదరకూడదు. కానీ కుదిరింది. ఎందుకంటే ఆ ఊరుకోవడం మామూలు ఊరుకోవడం కాదని మనకు తెలుస్తూనే ఉంటుంది. చేతకానివాడు దెబ్బలు తినే తీరు వేరు, చేతనైనవాడు పళ్ళు బిగించి తినే తీరు వేరు. దర్శకుడు సురేశ్ కృష్ణ అక్కడ చూపించింది ఆ అదుపును. ఈ మనిషి తనను తాను ఎందుకు పట్టి ఉంచుకుంటున్నాడన్న ప్రశ్నను మన చేతిలో పెట్టి, చెల్లెలి మీద చెయ్యి పడేదాకా జవాబు దాచిపెట్టారు. చెల్లెలి జోలికొచ్చినప్పుడు ఆ కట్టు తెగుతుంది. అంటే ఊరుకోలేని విషయం ఇతనికీ ఉంది, కాకపోతే దాని చుట్టూ కట్టిన గోడను మనకు ముందు చూపించారు. రజనీకాంత్ స్టార్ అని జనానికి ముందే తెలుసు కాబట్టి ఇది పనిచేసిందన్నది కూడా ఒప్పుకోవాలి. కొడతాడని తెలిసినవాడు కొట్టకుండా ఉంటేనే మనకు టెన్షన్. కొత్త నటుడితో ఇదే సీన్ తీస్తే, వీడు ఉత్త పిరికివాడు అనుకుని జనం ఫోన్లు తీసే ప్రమాదం ఉంది.

అందుకే వాడికి ఒక పని అప్పజెప్పాను. నీ దగ్గర స్టార్ లేడు, పేరున్న ముఖం లేదు. అన్నీ చూసి ఊరుకునే హీరోని రాయాలంటే, వాడు ఊరుకోవడానికి ఎంత కష్టపడుతున్నాడో చూపించే ఒక్క షాట్ రాసుకుని రా అన్నాను. డైలాగ్ లేకుండా, బి.జి.ఎం. సాయం లేకుండా. ఆదివారం రికార్డింగ్ ఖాళీ, సౌండ్ అన్నను కూడా కూర్చోబెట్టుకుని ముగ్గురం చూద్దామనుకున్నాం. అంతవరకు బొటనవేలి క్లోజప్‌కి సరిపోయే లెన్స్ అద్దెకు ఎక్కడ తక్కువలో దొరుకుతుందో కనుక్కుంటున్నాను.